ఇన్‌ఫ్రారెడ్ ఫైబర్: కిలోమీటర్ల ఆశ, మీటర్ల పని

క్లుప్తంగా: ఇంటర్నెట్‌ను మోసే సిలికా గాజు ఫైబర్ 2 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తరంగదైర్ఘ్యం దాటాక కాంతిని తానే మింగడం మొదలుపెడుతుంది. సర్జరీ లేజర్లు, వాయువుల గుర్తింపు, శరీర ఉష్ణోగ్రత కొలత వంటి పనులు చాలావరకు ఆ హద్దు అవతలే ఉన్నాయి. అక్కడ పనిచేసే ఫైబర్ కోసం ఫ్లోరైడ్ గాజు, గంధకం-సెలీనియం గాజు, వెండి లవణాల స్ఫటికాలు, లోపల వెండి పూత ఉన్న బోలు గొట్టాలు వచ్చాయి. వీటిలో కొన్ని సిలికాను వేల కిలోమీటర్ల కేబుళ్లలోంచి తప్పిస్తాయని 1970, 80ల్లో లెక్కలు వేశారు. అది జరగలేదు. ఒకటి రెండు మీటర్ల పనుల్లో మాత్రం ఇవి గట్టిగా నిలబడ్డాయి. ఎందుకు అలా జరిగిందన్నదే ఈ విశ్లేషణ.

వార్తల్లో వినిపించేది

2024 ప్రారంభంలో ఫ్లాలెస్ ఫొటోనిక్స్ అనే సంస్థ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో 5 కిలోమీటర్లకు పైగా జీబ్లాన్ (జిర్కోనియం ప్రధానంగా ఉన్న ఫ్లోరైడ్ గాజు) ఫైబర్‌ను లాగింది. ఇలాంటి ప్రతి ప్రయోగం తర్వాతా ‘మామూలు ఫైబర్ కంటే అనేక రెట్లు మెరుగు’ అన్న మాట వార్తల్లో తిరుగుతుంది. ఆ మాటకు ఆధారం కొలత కాదు, సిద్ధాంత పరిమితి. జీబ్లాన్‌లో నష్టం 2.5 మైక్రాన్ల దగ్గర కిలోమీటరుకు 0.01 డెసిబెల్ దాకా తగ్గవచ్చన్నది కాగితం మీది లెక్క. సిలికాలో కనిష్ఠ నష్టం 1.55 మైక్రాన్ల దగ్గర కిలోమీటరుకు సుమారు 0.2 డెసిబెల్. నేల మీద చేసిన జీబ్లాన్ అత్యుత్తమ నమూనాల్లోనూ నష్టం 0.5 డెసిబెల్ దాపుకే వచ్చింది, అదీ వంద మీటర్ల దరిదాపు ముక్కల్లో.

డెసిబెల్ లెక్క తెలిస్తే ఈ అంకెల బరువు అర్థమవుతుంది. 3 డెసిబెల్ నష్టం అంటే కాంతి సగమవడం. కిలోమీటరుకు 0.2 డెసిబెల్ చొప్పున సిలికాలో కాంతి సగం కావడానికి 15 కిలోమీటర్లు పడుతుంది. ఇన్‌ఫ్రారెడ్ ఫైబర్లలో చాలావాటి నష్టాన్ని కిలోమీటరుకు కాకుండా మీటరుకు చెబుతారు. మీటరుకు 0.1 డెసిబెల్ అంటే వినడానికి చిన్నదే, కిలోమీటరుకు మార్చితే 100 డెసిబెల్. ఒక వార్తలో మీటరు, మరో వార్తలో కిలోమీటరు కనిపించినప్పుడు పాఠకులు తికమకపడేది ఇక్కడే.

సిలికా ఎక్కడ ఆగిపోతుంది

ఫైబర్ నష్టాన్ని రెండు వైపుల నుంచి రెండు గోడలు బిగిస్తాయి. గాజు గడ్డకట్టేటప్పుడు దానిలో మిగిలిపోయే అతిసూక్ష్మ సాంద్రత తేడాల వల్ల కాంతి చెదరడం మొదటి గోడ. దీన్ని రేలీ పరిక్షేపణం అంటారు. తరంగదైర్ఘ్యం రెట్టింపైతే ఇది 16వ వంతుకు పడిపోతుంది. అందుకే పొడవైన తరంగాల వైపు వెళ్లాలన్న ఆశ పుట్టింది. రెండో గోడ అటువైపు నుంచి వస్తుంది. సిలికాన్, ఆక్సిజన్ పరమాణువుల మధ్య బంధం కంపించే పౌనఃపున్యాలు ఇన్‌ఫ్రారెడ్‌లో ఉంటాయి. కాంతి ఆ కంపనాల గుణిజాలకు దగ్గరయ్యే కొద్దీ గాజు దాన్ని వేడిగా మార్చేస్తుంది.

రెండో గోడ ఎంత నిట్టనిలువుగా లేస్తుందో చూడండి. 1.55 మైక్రాన్ల దగ్గర కిలోమీటరుకు 0.2 డెసిబెల్ ఉన్న నష్టం, 2.1 మైక్రాన్ల దగ్గర మీటరుకు 0.1 డెసిబెల్ లోపు ఉంటుంది. రెండు మీటర్ల వైద్య ఫైబర్‌కు అది సమస్యే కాదు. 2.4 దగ్గర మీటరుకు ఒక డెసిబెల్ దాటుతుంది. శస్త్రచికిత్సల్లో వాడే ఎర్బియం-యాగ్ లేజర్ పనిచేసే 2.94 మైక్రాన్లకు వచ్చేసరికి మీటరుకు 50 డెసిబెల్ స్థాయి, అంటే మీటరు చివర లక్షలో ఒక వంతు కాంతి మిగిలితే గొప్ప. కార్బన్ డయాక్సైడ్ లేజర్ తాలూకు 10.6 మైక్రాన్ల దగ్గర సిలికా కాంతి మార్గంగా పనికిరాదు, ఇనుప ముక్కలాగే అడ్డుపడుతుంది.

బరువైన పరమాణువులు, బలహీనమైన గాజు

గోడను దూరంగా జరపాలంటే బంధం నెమ్మదిగా కంపించాలి. దానికి రెండే దారులు: పరమాణువులు బరువుగా ఉండాలి లేదా బంధం బలహీనంగా ఉండాలి. ఆక్సిజన్ స్థానంలో ఫ్లోరిన్ పెట్టి, సిలికాన్ స్థానంలో జిర్కోనియం, బేరియం వంటి బరువైనవి పెడితే ఫైబర్ 4 మైక్రాన్ల దాకా పనిచేస్తుంది. ఇండియం ఫ్లోరైడ్‌తో 5 దాటుతుంది. ఆర్సెనిక్-గంధకం గాజుతో 6 దాకా, గంధకం బదులు సెలీనియం వేస్తే 9 దాకా, టెల్లూరియం చేరిస్తే 11-12 దాకా వెళ్లొచ్చు. సిల్వర్ క్లోరైడ్, సిల్వర్ బ్రోమైడ్ కలిపిన స్ఫటిక ఫైబర్లు 15 మైక్రాన్లు దాటాక కూడా కాంతిని పంపుతాయి.

అయితే కాంతికి దారి ఇచ్చిన ఆ బలహీన బంధమే మిగతా అన్నింటిలోనూ దెబ్బతీస్తుంది. సిలికా ఫైబర్‌ను 2000 డిగ్రీల సెల్సియస్ దగ్గర లాగుతారు. జీబ్లాన్ 260 డిగ్రీలకే మెత్తబడటం మొదలవుతుంది, ఆర్సెనిక్ గాజులు 200 లోపే. గోరుతో గీత పడేంత మెత్తదనం, వేడికి ఎక్కువగా వ్యాకోచించడం, తేమకు లొంగడం, వంచితే పుటుక్కున విరగడం అన్నీ ఈ బలహీనతలోంచి వచ్చినవే. ఇన్‌ఫ్రారెడ్ ఫైబర్ చరిత్ర అంతా ఈ ఒక్క బేరం చుట్టూ తిరిగిందంటే అతిశయోక్తి కాదు.

కిటికీల నుంచి గొట్టాల దాకా

ఈ రంగం నడిచిన దారి అమెరికా భౌతికశాస్త్రవేత్త జేమ్స్ హారింగ్టన్ వృత్తి జీవితంలో బాగా కనిపిస్తుంది. 1970ల్లో ఆయన హంట్స్‌విల్‌లోని అలబామా యూనివర్సిటీలో పనిచేసింది ఫైబర్ మీద కాదు, అధికశక్తి లేజర్ల కిటికీ పదార్థాల మీద. కిటికీ గుండా కిలోవాట్లలో లేజర్ వెళ్తుంటే అందులో అతి స్వల్ప భాగం లోపల ఆగినా స్ఫటికం వేడెక్కి లెన్స్‌లా వంకరపోతుంది, చివరకు పగులుతుంది. అంత తక్కువ శోషణను మామూలు స్పెక్ట్రోమీటర్ (కాంతిని తరంగదైర్ఘ్యాల వారీగా కొలిచే పరికరం) పట్టలేదు. లేజర్ పంపి స్ఫటికం ఎంత వేడెక్కిందో కొలిచే లేజర్ కెలోరిమెట్రీయే మార్గం. ఏ లవణం, ఏ తరంగదైర్ఘ్యంలో, ఎంత మింగుతుందన్న లెక్కలు అక్కడే పోగుపడ్డాయి. తర్వాత ఫైబర్లకు పనికొచ్చింది ఆ ఖాతాయే.

తర్వాతి మజిలీ కాలిఫోర్నియాలోని హ్యూస్ రీసెర్చ్ ల్యాబొరేటరీస్. థాలియం బ్రోమైడ్, థాలియం అయొడైడ్ కలిసిన కేఆర్‌ఎస్-5 అనే స్ఫటికాన్ని డై గుండా ఒత్తి తీగలా తీసిన ఫైబర్‌ను అక్కడి బృందం 1978లో ప్రకటించింది. గాజులా లాగడం ఇక్కడ కుదరదు. స్ఫటిక దిమ్మను కరిగించకుండా వేడిచేసి, సన్నని రంధ్రంలోంచి అధిక పీడనంతో తోయాలి. ఇలాంటి పదార్థాల్లో సిద్ధాంత నష్టం సిలికా కంటే వందల రెట్లు తక్కువని ఆనాటి లెక్కలు చెప్పాయి. చేతికొచ్చిన ఫైబర్‌లో మీటరుకు పదోవంతు డెసిబెల్ కిందికి దిగడమే గగనమైంది.

కారణం శోషణ కాదు, తయారీ. ఒత్తినప్పుడు పదార్థం వేలాది చిన్న స్ఫటిక రేణువులుగా విడిపోతుంది. రేణువుల అంచుల దగ్గర, ఉపరితలపు గీతల దగ్గర కాంతి చెదురుతుంది. నెలలు గడిచే కొద్దీ రేణువులు పెరిగి నష్టం ఇంకా ఎక్కువవుతుంది. ఒకసారి గట్టిగా వంచితే లోహంలా శాశ్వతంగా వంగి ఆ చోట కొత్త చీలికలు వస్తాయి. పైగా థాలియం విషం. శరీరంలోకి పంపే పరికరానికి ఇది పెద్ద ప్రశ్నే. ఇజ్రాయెల్‌లో టెల్ అవీవ్ యూనివర్సిటీలో అబ్రహం కట్జిర్ బృందం థాలియాన్ని వదిలి సిల్వర్ హాలైడ్ పట్టుకోవడంతో ఈ దారి కొంత నిలబడింది.

హారింగ్టన్ తర్వాత న్యూజెర్సీలోని రట్గర్స్ యూనివర్సిటీకి మారారు. అక్కడి పని మరో దిక్కుకు తిరిగింది. మంచి పదార్థం దొరకనప్పుడు కాంతిని పదార్థంలోంచి పంపకుండా గాలిలోంచే పంపితే సరిపోతుందన్నది ఆ ఆలోచన. 1994లో ఆ బృందం ప్రకటించిన బోలు గాజు గొట్టం గురించి కింద వివరంగా ఉంది.

ఈ రంగంలో మొదటి పేరు మాత్రం మనవాళ్లదే. 1965లో ఆర్సెనిక్ సల్ఫైడ్ గాజుతో తొలి ఇన్‌ఫ్రారెడ్ ఫైబర్‌ను చూపించిన ఇద్దరిలో ఒకరు పంజాబ్‌లోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ. ఆ ఫైబర్‌లో నష్టం మీటరుకు 10 డెసిబెల్ దాటింది. మరణానంతరం 2021లో ఆయనకు పద్మవిభూషణ్ దక్కింది.

ఫ్లోరైడ్ ఆశ ఎందుకు నీరుగారింది

ఫ్లోరైడ్ గాజు 1974లో ఫ్రాన్స్‌లోని రెన్ యూనివర్సిటీలో, వెతకని చోట దొరికింది. పూలాన్ సోదరులు, జాక్ లూకా అక్కడ లేజర్ స్ఫటికాల కోసం జిర్కోనియం ఫ్లోరైడ్ మిశ్రమాలు చేస్తుంటే మధ్యలో గాజు ముక్కలు కనిపించాయి. దాన్నుంచి వచ్చిన జీబ్లాన్‌లో జిర్కోనియం ఫ్లోరైడ్ సుమారు 53 శాతం, బేరియం 20, లాంథనం 4, అల్యూమినియం 3, సోడియం 20 శాతం ఉంటాయి. ఇవి బరువు శాతాలు కాదు, మోల్ శాతాలు.

1980ల్లో బ్రిటన్, జపాన్, అమెరికా టెలికం ప్రయోగశాలలు దీని మీద గట్టిగా పనిచేశాయి. సముద్రం అడుగున రిపీటర్ (మధ్యలో సంకేతాన్ని బలపరిచే పరికరం) లేకుండా ఖండం నుంచి ఖండానికి కేబుల్ వేయొచ్చన్నది కల. అడ్డుపడినవి మూడు.

మొదటిది శుద్ధి. సిలికాను ఆవిరి రూపంలో ఉన్న క్లోరైడ్ నుంచి పొరలు పొరలుగా పేరుస్తారు. ఇనుము వంటి మలినాలు ఆవిరిగా మారవు కనుక వెనకే ఉండిపోతాయి. జిర్కోనియం, బేరియం ఫ్లోరైడ్లకు ఆ సౌకర్యం లేదు. పొడులను మూసలో కరిగించాల్సిందే. వందకోట్ల భాగాల్లో కొన్ని భాగాల ఇనుము, రాగి, కోబాల్ట్ ఉన్నా 2.5 మైక్రాన్ల దగ్గర నష్టం కనిపిస్తుంది. గాలిలోని తేమ తగిలితే హైడ్రాక్సిల్ (ఆక్సిజన్-హైడ్రోజన్ జంట) చేరి 2.9 దగ్గర శోషణ పెరుగుతుంది. కాబట్టి పని మొత్తం పొడి నైట్రోజన్ నింపిన గ్లవ్ బాక్సులోనే.

రెండోది స్ఫటికీకరణ, అసలు చిక్కు ఇదే. సిలికా చిక్కదనం వందల డిగ్రీల పరిధిలో నెమ్మదిగా మారుతుంది, లాగేవాడికి వెసులుబాటు ఉంటుంది. జీబ్లాన్ ముదురు పాకం లాంటిది. కాస్త వేడెక్కితే నీళ్లలా జారుతుంది, కాస్త చల్లబడితే గట్టిపడుతుంది, ఆ మధ్యలో ఎక్కువసేపు ఉంచితే పలుకు కడుతుంది. మెత్తబడే ఉష్ణోగ్రతకూ స్ఫటికాలు పుట్టే ఉష్ణోగ్రతకూ మధ్య తేడా 100 డిగ్రీల లోపే. ఫైబర్‌ను 310 డిగ్రీల దరిదాపుల్లో లాగాలంటే ఆ ఇరుకులోనే పని ముగించాలి. పుట్టిన ప్రతి స్ఫటికమూ కాంతిని చెదరగొడుతుంది. అంతరిక్ష ప్రయోగాల వెనుక వాదన కూడా ఇదే: భారరహిత స్థితిలో వేడి ప్రవాహాలు, బరువైన భాగాల దిగుడు ఉండవు కనుక పలుకులు తగ్గుతాయని. స్ఫటికాలు తగ్గడం ప్రయోగాల్లో కనిపించింది. మూసలోంచి వచ్చిన మలినాలను మాత్రం భారరహిత స్థితి తొలగించదు.

మూడోది పదార్థంతో సంబంధం లేనిది. 1987లో ఎర్బియం కలిపిన సిలికా ఫైబర్ యాంప్లిఫయర్ వచ్చింది. నష్టపోయిన కాంతిని ప్రతి కొన్ని పదుల కిలోమీటర్లకు కాంతి రూపంలోనే పెంచుకునే వీలు కలిగాక, నష్టం తక్కువ ఉన్న కొత్త గాజు కోసం టెలికం కంపెనీలు డబ్బు పెట్టే అవసరమే పోయింది. ఫ్లోరైడ్ ఫైబర్ ఓడిపోయింది అనడం కంటే, అది పరుగెడుతున్న పందెమే రద్దయింది అనడం సబబు.

ఆ గాజు వ్యర్థమైతే కాలేదు. ఎర్బియం పరమాణువు 2.8 మైక్రాన్ల కాంతిని ఇవ్వాలంటే చుట్టూ ఉన్న గాజు ఆ శక్తిని ముందే వేడిగా దోచుకోకూడదు. సిలికా కంపనం ఒక్కోటి సుమారు 1100 సెంటీమీటర్ విలోమ యూనిట్ల (స్పెక్ట్రమ్ లెక్కల్లో శక్తికి వాడే కొలమానం) శక్తి తీసుకుంటుంది. 2.8 మైక్రాన్ల శక్తి 3570 యూనిట్లు, మూడు నాలుగు కంపనాల్లో ఖర్చయిపోతుంది. జీబ్లాన్ కంపనం 580 మాత్రమే కావడంతో ఆరేడు కంపనాలు ఒకేసారి కలిసిరావాలి. అది అరుదు కనుక పరమాణువు కాంతినే విడుదల చేస్తుంది. కెనడాలోని లావల్ యూనివర్సిటీ బృందం 2018లో ఇలాంటి ఫైబర్ లేజర్ నుంచి 40 వాట్లకు పైగా రాబట్టింది. అక్కడా తలనొప్పి ఫైబర్ కొన దగ్గరే. గాలిలోని తేమ కొనలోకి చొరబడి, 2.8 మైక్రాన్ల కాంతిని పీల్చి, వేడెక్కి, మరింత తేమను లాగి, చివరకు కొన కాలిపోతుంది. దానికి విరుగుడుగా తేమను తట్టుకునే అల్యూమినియం ఫ్లోరైడ్ గాజు టోపీని కొనకు అతికిస్తారు.

ఖగోళశాస్త్రానికీ ఈ గాజు దక్కింది. హవాయిలోని కెనడా-ఫ్రాన్స్-హవాయి టెలిస్కోప్‌లో స్పిరూ అనే స్పెక్ట్రోమీటర్‌కు కాంతిని తెచ్చేది 35 మీటర్ల పొడవున్న ఫ్లోరైడ్ ఫైబరే.

బోలు గొట్టం ఎలా చేస్తారు

రట్గర్స్ పద్ధతిలో మొదలు సిలికా గొట్టం. లోపలి వ్యాసం 0.3 నుంచి 1 మిల్లీమీటరు దాకా, బయట పాలిమర్ పూత. గొట్టంలో లోపలి గోడను ముందు స్టానస్ క్లోరైడ్ ద్రావణంతో కడిగితే వెండి బాగా పట్టుకుంటుంది. తర్వాత ఒక పాత్రలో అమోనియా కలిపిన సిల్వర్ నైట్రేట్, మరో పాత్రలో డెక్స్‌ట్రోజ్ ద్రావణం పెట్టి రెండింటినీ పంపుతో గొట్టం ముఖద్వారం దగ్గర కలుపుతూ లోపలికి తోస్తారు. అద్దానికి వెండి పూసే పాత రసాయనమే ఇది. గోడకు వెండి పొర పడుతుంది. గొట్టాన్ని ఆరబెట్టాక సైక్లోహెక్సేన్‌లో కరిగించిన అయొడిన్‌ను కొద్ది నిమిషాలు పంపితే వెండి పైభాగం సిల్వర్ అయొడైడ్‌గా మారుతుంది.

ఆ అయొడైడ్ మందమే అన్నింటినీ నిర్ణయిస్తుంది. ఒట్టి వెండి గోడ కంటే, సరైన మందంలో పారదర్శక పొర ఉన్న గోడ ఎక్కువ కాంతిని వెనక్కి తిప్పుతుందని జపాన్‌లోని టోహోకు యూనివర్సిటీకి చెందిన మియాగి, కవకామి 1984లో లెక్కగట్టారు. ఆ సూత్రం ప్రకారం 10.6 మైక్రాన్లకు సుమారు ఒక మైక్రాన్ మందం కావాలి, 2.94 మైక్రాన్లకు 0.27 దాపు చాలు. అయొడిన్ గాఢత, పంపే సమయం మార్చి మందం కుదురుస్తారు. కుదిరిందా లేదా అన్నది కోసి చూడనక్కర్లేదు. ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రోమీటర్‌లో వ్యతికరణ శిఖరాలు (పొర రెండు వైపుల నుంచి తిరిగొచ్చిన తరంగాలు కలిసి ఇచ్చే ఎత్తుపల్లాలు) ఎక్కడ పడ్డాయో చూస్తే తెలిసిపోతుంది.

తేడా వచ్చేది ఎక్కువగా పొడవు దగ్గర. ద్రావణం ముందుకు పోయే కొద్దీ అందులోని వెండి, అయొడిన్ ఖర్చయిపోతాయి కనుక ముందు భాగంలో పొర మందంగా, వెనుక పలుచగా పడుతుంది. స్పెక్ట్రమ్‌లో శిఖరాలు అలుక్కుపోతే ఈ తేడా ఉన్నట్టే. వేగంగా పంపితే తేడా తగ్గుతుంది, ద్రావణం వృథా పెరుగుతుంది. వెండిని మరీ మందంగా వేస్తే ఉపరితలం గరుకెక్కి పొట్టి తరంగాలు చెదురుతాయి, 2.94 కోసం చేసే గొట్టాల్లో ఇది పెద్ద లోపం. ఇంకో జాగ్రత్త: అమోనియా కలిపిన వెండి ద్రావణాన్ని నిల్వ ఉంచకూడదు. ఆరితే పేలే గుణమున్న పదార్థం ఏర్పడుతుంది. ఎప్పటికప్పుడు కలుపుకుని మిగిలింది వెంటనే ఆమ్లంతో నిర్వీర్యం చేయాలి.

నష్టం లోపలి వ్యాసార్ధపు ఘనానికి విలోమంగా ఉంటుంది. వ్యాసం సగమైతే నష్టం ఎనిమిది రెట్లు. అలాగని పెద్ద గొట్టమే వాడేద్దామంటే అది బిరుసు, పైగా అందులో కాంతి అనేక రూపాల్లో (మోడ్‌లు) ప్రయాణించి, వంచినప్పుడల్లా బయటకొచ్చే కాంతి మచ్చ ఆకారం మారుతుంది. సన్న గొట్టం నష్టం ఎక్కువైనా మచ్చను శుభ్రంగా ఇస్తుంది, ఎందుకంటే పై తరగతి రూపాలు దారిలోనే అరిగిపోతాయి. వంపు నష్టం వంపు వ్యాసార్ధానికి విలోమం కనుక, కొలతలో ఏ వంపులో తీసుకున్నారో చెప్పని నష్టం అంకెకు విలువ తక్కువ. కాంతిని ఎక్కించేటప్పుడు లెన్స్ ఇచ్చే మచ్చ వ్యాసార్ధం గొట్టం వ్యాసార్ధంలో 0.64 వంతు ఉండాలి. అంతకంటే చిన్నదైతే పై రూపాలు లేస్తాయి, పెద్దదైతే గొట్టం అంచు కాలుతుంది.

బోలు గొట్టానికి ముందు భాగంలో ప్రతిఫలన నష్టం లేదు, అధికశక్తికి పగిలే కొన లేదు. నీటితో చల్లబరిచే తొడుగు పెట్టి కిలోవాట్ దాటిన కార్బన్ డయాక్సైడ్ లేజర్‌నూ పంపారు. ఇదే సూత్రానికి మరో రూపం అమెరికాలోని ఎంఐటీలో వచ్చింది. వెండి లేకుండా ఆర్సెనిక్ సెలీనైడ్ గాజు, పాలిమర్ పొరలను మార్చి మార్చి చుట్టి గోడనే అద్దంగా చేశారు. 2002లో ప్రకటించిన ఆ ఫైబర్ నష్టం 10.6 మైక్రాన్ల దగ్గర మీటరుకు ఒక డెసిబెల్ లోపు. అది గొంతు, చెవి శస్త్రచికిత్సల్లోకి వెళ్లింది.

ఆపరేషన్ గదిలో లెక్క

సర్జన్‌కు ఏ తరంగదైర్ఘ్యం కావాలో నిర్ణయించేది నీరు. 2.94 మైక్రాన్ల కాంతి కణజాలంలోని నీటిలో ఒక మైక్రాన్ లోతులోనే ఆగిపోతుంది. 10.6 మైక్రాన్ల కాంతి పది ఇరవై మైక్రాన్లలో. 2.1 మైక్రాన్ల హోల్మియం లేజర్ కాంతి మాత్రం దాదాపు 0.4 మిల్లీమీటర్ల దాకా చొచ్చుకుపోతుంది. సన్నగా, పక్కభాగం కమలకుండా కోయాలంటే మొదటి రెండే మేలు.

మరి హైదరాబాద్, విజయవాడ ఆస్పత్రుల ప్రకటనల్లో కనిపించే కిడ్నీ రాళ్ల లేజర్ ఏది? అది హోల్మియం లేదా 1.94 మైక్రాన్ల థూలియం. రాయిని పొడిచేయడంలో ఎర్బియం లేజర్ కూడా సమర్థమైనదే. అయినా మార్కెట్ హోల్మియానిది కావడానికి అసలు కారణం ఫైబర్. 2.1 మైక్రాన్లు సిలికా గోడకు ఇవతల ఉన్నాయి. 0.2 మిల్లీమీటర్ల సిలికా ఫైబర్‌ను వంగే యూరెటెరోస్కోప్ (మూత్రనాళంలోకి పంపి చూసే సన్నని గొట్టం) లోంచి మూత్రపిండం మూలకు పంపొచ్చు, కొన అరిగితే కత్తిరించి మళ్లీ వాడొచ్చు, స్టెరిలైజ్ చేయడం తేలిక. ఎర్బియానికి వాడే నీలమణి ఫైబర్ గట్టిదే కానీ బిరుసు. జర్మేనియం ఆక్సైడ్ గాజు ఫైబర్ వంగుతుంది కానీ ఎక్కువ శక్తి వద్ద కొన త్వరగా దెబ్బతింటుంది. ఫైబర్ సౌకర్యం చూసి లేజర్‌ను ఎంచుకున్న సందర్భం ఇది. ఎంపిక క్రమం తలకిందులైనట్టు కనిపించినా ఆస్పత్రిలో అదే సరైన క్రమం.

కార్బన్ డయాక్సైడ్ లేజర్‌కు దశాబ్దాలుగా అద్దాలు బిగించిన కీళ్ల చేయి వాడుతున్నారు. బయట శస్త్రచికిత్సకు అది బాగానే ఉంటుంది. స్వరపేటిక లోపలికి, నాసికలోకి అది దూరదు. ఒకటి రెండు మీటర్ల బోలు ఫైబర్ అక్కడ పనికొస్తుంది. మీటరుకు అర డెసిబెల్ నష్టం అనుకుంటే రెండు మీటర్లకు ఒక డెసిబెల్, అంటే 20 వాట్లు పంపితే 16 వాట్లు కొనకు చేరతాయి. మిగతా 4 వాట్లు ఫైబర్ పొడవునా వేడిగా మారతాయి. లోపల గ్యాస్ ప్రవాహం పెడితే ఆ వేడి పోవడంతో పాటు, కొనవైపు నుంచి పొగ, రక్తం లోపలికి రాకుండా ఉంటుంది. గ్యాస్ ఆగిన వెంటనే లేజర్ ఆగేలా ఇంటర్‌లాక్ ఉండాల్సింది ఇందుకే. ఒక్క చుక్క లోపలికి చేరినా ఆ చోట గోడ కాలి ఫైబర్ పనికిరాకుండా పోతుంది.

సెన్సార్లలో నష్టమే లాభం

సెన్సార్లకు వస్తే లెక్క మారుతుంది. ప్రతి వాయువుకూ ఇన్‌ఫ్రారెడ్‌లో తన గుర్తు ఉంది: మీథేన్ 3.3 మైక్రాన్లు, కార్బన్ డయాక్సైడ్ 4.26, కార్బన్ మోనాక్సైడ్ 4.7 దగ్గర. ప్రొటీన్ బంధాలు 6 మైక్రాన్ల దగ్గర. బోలు గొట్టాన్ని ఇక్కడ కాంతి మార్గంగానే కాక, వాయువును నింపే గదిగానూ వాడతారు. లోపల 0.7 మిల్లీమీటర్లు, పొడవు 5 మీటర్లు ఉన్న గొట్టంలో పట్టేది 2 మిల్లీలీటర్ల లోపే. అద్దాల మధ్య కాంతిని పదేపదే తిప్పే గదికి అంతకు ఎన్నో రెట్ల వాయువు కావాలి. మనిషి శ్వాసను ఒక్కో ఊపిరిగా విశ్లేషించాలంటే ఈ చిన్న పరిమాణమే కీలకం. 1994లో బెల్ ల్యాబ్స్‌లో వచ్చిన క్వాంటమ్ క్యాస్కేడ్ లేజర్‌తో (ఇన్‌ఫ్రారెడ్ కాంతినిచ్చే చిన్న సెమీకండక్టర్ లేజర్) కలిస్తే ఈ పరికరం బల్ల మీద ఇమిడిపోతుంది.

ద్రవాలకు పద్ధతి వేరు. తొడుగు లేని ఆర్సెనిక్-సెలీనియం-టెల్లూరియం ఫైబర్‌లో కాంతి లోపల తిరుగుతూనే గోడ బయటకు తరంగదైర్ఘ్యంలో చిన్న భాగమంత దూరం తొంగిచూస్తుంది. ఆ పలుచని పొరలోని పదార్థం తన గుర్తులున్న చోట కాంతిని మింగుతుంది. ఇన్‌ఫ్రారెడ్‌ను నీరు అడ్డంగా మింగేస్తుంది కనుక మామూలు సీసాలో చేయలేని కొలత ఇలా సాధ్యమవుతుంది. రెన్ బృందం 0.4 మిల్లీమీటర్ల ఫైబర్‌ను కొలిచే చోట మాత్రం 0.1కి సన్నబరిచి స్పందన పెంచింది. కాంతి గోడను ఎక్కువసార్లు తాకడమే కారణం. సన్నబరిచిన చోటే ఫైబర్ ముందు విరుగుతుంది, ప్రొటీన్ అంటుకుంటే పాత నమూనా గుర్తు కొత్తదానిలో కనిపిస్తుంది. ప్రతి కొలతకు ముందు ఖాళీ స్పెక్ట్రమ్ తీసుకోవడం తప్పనిసరి.

మూడో తరగతి ఉష్ణోగ్రత. 37 డిగ్రీల శరీరం విడుదల చేసే కాంతి 9.3 మైక్రాన్ల దగ్గర శిఖరానికి చేరుతుంది. సిలికాకు అది కనిపించదు. సిల్వర్ హాలైడ్ ఫైబర్‌కు కనిపిస్తుంది. టెల్ అవీవ్ బృందం చర్మాన్ని కుట్లు లేకుండా లేజర్‌తో అతికించే ప్రయోగాల్లో ఒక ఫైబర్‌తో కార్బన్ డయాక్సైడ్ లేజర్ పంపి, మరో ఫైబర్‌తో ఆ చోటు ఉష్ణోగ్రత చదివి, 60 డిగ్రీల దరిదాపుల్లో నిలిచేలా లేజర్‌ను తగ్గిస్తూ పెంచుతూ నియంత్రించింది. తక్కువైతే అతుకు పట్టదు, ఎక్కువైతే కణజాలం కాలుతుంది.

చిక్కంతా కొనల దగ్గరే

ఫైబర్ పొడవులో నష్టం గురించే అందరూ మాట్లాడతారు. ఒక మీటరు ఫైబర్‌లో అసలు నష్టం కొనల దగ్గర జరుగుతుంది. ఆర్సెనిక్ సెలీనైడ్ వక్రీభవన గుణకం 2.8 కనుక ఒక్కో కొన దగ్గర 22 శాతం కాంతి వెనక్కి తిరుగుతుంది. రెండు కొనలకు కలిపి 40 శాతం. ఆర్సెనిక్ సల్ఫైడ్‌కు ఒక్కో కొనకు 17, సిల్వర్ హాలైడ్‌కు 14. సిలికాకు మూడున్నర శాతమే. ప్రతిఫలనం తగ్గించే పూత వేస్తే పని తీరుతుంది కానీ మెత్తని గాజు మీద గట్టి పూత వేడికి పెచ్చులూడుతుంది. అందుకే కొనమీదే అతిసూక్ష్మ గరుకు ఆకృతిని అచ్చువేసే పద్ధతి వచ్చింది.

సిల్వర్ హాలైడ్‌లో ఉన్నది పాత ఫొటో ఫిల్ములోని రసాయనమే. వెలుతురు తగిలితే నల్లబడుతుంది, అందుకే నల్లని తొడుగులో ఉంచాలి. ఇత్తడి, ఇనుము కనెక్టర్ తగిలితే వెండి లవణం ఆ లోహాన్ని తినేస్తుంది. సిరామిక్ లేదా ప్లాస్టిక్ కొనలే వాడాలి. ఆర్సెనిక్ గాజును సిలికాలా డైమండ్ బ్లేడుతో గట్టిగా గీస్తే చీలిక అడ్డదిడ్డంగా పరుగెడుతుంది, తేలికపాటి గీత, కొద్దిపాటి లాగుడు చాలు. పాలిష్ చేసేటప్పుడు వచ్చే పొడిని చీపురుతో ఊడ్చకూడదు, తడిగా సేకరించి విషపదార్థాల చెత్తగా పంపాలి.

మళ్లీ సిలికా వైపు

కథలో ఊహించని మలుపు ఇటీవలిది. సిలికాతోనే సన్నని గోడల బోలు ఫైబర్ చేసి కాంతిని గాలిలో నడిపే పద్ధతి పరిపక్వానికి వచ్చింది. 2025లో ప్రచురించిన ఫలితంలో సౌతాంప్టన్, మైక్రోసాఫ్ట్ బృందం 1.55 మైక్రాన్ల దగ్గర కిలోమీటరుకు 0.091 డెసిబెల్ సాధించింది. నాలుగు దశాబ్దాలుగా పెద్దగా కదలని సిలికా రికార్డును బద్దలు కొట్టింది ఫ్లోరైడ్ కాదు, గాలి. పైగా ఇలాంటి ఫైబర్‌లో కాంతి గాజును తాకేది అత్యల్పం కనుక 3-4 మైక్రాన్ల దగ్గర కూడా పనిచేస్తుంది. బాత్ యూనివర్సిటీ బృందం ఆ పరిధిలో కిలోమీటరుకు పదుల డెసిబెల్ స్థాయిని 2012-13లోనే చూపింది. ఇది మీటరుకు 0.1 డెసిబెల్ కంటే మెరుగు.

దీని ప్రభావం అంతటా ఒకేలా ఉండదు. 4 మైక్రాన్ల లోపు కాంతిని చేరవేసే పనుల్లో ఫ్లోరైడ్, నీలమణి ఫైబర్లకు గట్టి పోటీ తప్పదు. గట్టిదనం, విషం లేకపోవడం, సిలికా పరిశ్రమ అనుభవం అన్నీ ఆ కొత్త ఫైబర్ వైపే ఉన్నాయి. ఎర్బియం కలిపి లేజర్ తయారుచేసే పనిలో ఫ్లోరైడ్ స్థానం చెక్కుచెదరదు, గాలిలో ఎర్బియం కలపలేరు కాబట్టి. 5 మైక్రాన్లు దాటాక పలుచని సిలికా గోడ కూడా ఎక్కువగా మింగడం మొదలుపెడుతుంది. ప్రొటీన్ గుర్తులు, శరీర ఉష్ణోగ్రత, కార్బన్ డయాక్సైడ్ లేజర్ అన్నీ దానికి అవతలే ఉన్నాయి. అక్కడ టెల్లూరియం గాజు, సిల్వర్ హాలైడ్, వెండి పూత గొట్టం కొనసాగుతాయి. వాటిలో మెరుగుపడాల్సింది మీటరుకు నష్టం కంటే కొనల ప్రతిఫలనం, తేమ నుంచి రక్షణ, కనెక్టర్ల జీవితకాలం.